ఎడమకు ఒరిగితే గుండె వినిపిస్తోందా?



రాత్రి పదిన్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. వీధిలో కుక్కలు కూడా సద్దుమణిగాయి. మీరు ఎడమ పక్కకు ఒత్తిగిల్లారు, చెవి దిండుకు ఆనింది. అంతే, దిండు కింద ఎవరో రోకలితో దంచుతున్నట్టు దుబ్, దుబ్, దుబ్. వెల్లకిలా తిరిగితే కాస్త తగ్గింది. కుడివైపు తిరిగితే దాదాపు లేనట్టే. ఉందా పోయిందా చూద్దామని మళ్ళీ ఎడమకు తిరిగారు. ఉంది. ఇక నిద్ర ఎక్కడిది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి రోగులను చూస్తున్నవాణ్ణి. గుండె దడ అన్న మాటను మనవాళ్ళు ఎన్ని రకాలుగా చెబుతారో విని విని అలవాటైంది. "పానం గుబగుబ అంటది సారూ" అంటారు ఒకరు. "గుండె ఎగిరెగిరి పడతది" అంటారు ఇంకొకరు. "ఎదల కోడిపిల్ల తన్నుకున్నట్టు ఉంటది" అని ఒక అవ్వ చెప్పింది. నేను చదివిన ఏ వైద్య పుస్తకంలోనూ అంత చక్కటి వర్ణన లేదు. ఎప్పటినుంచి, ఎంతసేపు అని డాక్టర్లందరం అడుగుతాం. నేను ఇంకోటి కూడా అడుగుతాను: అది మొదలైనప్పుడు మీరు ఎట్లా ఉన్నారు? నిలబడి ఉన్నారా, వంగి ఉన్నారా, అప్పుడే లేచారా, పడుకుని ఉన్నారా? పడుకుంటే ఏ పక్కకు? ఈ ప్రశ్నకు చాలామంది నవ్వుతారు. సారు జాతకం చూస్తున్నాడనుకుంటారో ఏమో. ఈ పూట ఆ ప్రశ్న గురించే.

గద్వాలలో చీరలు నేసే ఒకాయన, యాభై దాటిన మనిషి, నాలుగు నెలలుగా గోడకు వీపు ఆనించి కూర్చునే నిద్రపోతున్నానని వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో మూడు ఈసీజీ కాగితాలు: ఒకటి గద్వాలలో తీయించింది, ఒకటి కర్నూలులో, ఇంకొకటి రాయచూరులో. నడిగడ్డ మనిషికి వైద్యం అంటే ఈ మూడు దిక్కులే కదా. కృష్ణకు తుంగభద్రకు నడుమ ఉన్న నేల ఇది. మూడు కాగితాలూ బాగానే ఉన్నాయి. "అందరు నార్మల్ అంటరు సారూ. మరి లోపల కొట్టుకునేది ఏంది?" అన్నాడు. ఆ మాటలో కోపం ఉంది, న్యాయం కూడా ఉంది.

బల్ల మీద ఎడమ పక్కకు పడుకోమన్నాను. స్టెతస్కోపు పెట్టి నేను విన్నాక, గొట్టం చివరలు తీసి ఆయన చెవుల్లోనే పెట్టాను. కళ్ళు పెద్దవి చేసి విన్నాడు. "గిదే సారూ! రాత్రి గిదే!" అన్నాడు. ఇప్పుడు వెల్లకిలా తిరగమన్నాను. శబ్దం సన్నబడింది. కుడికి తిరగమన్నాను. ఇంకా సన్నబడింది. ఆ అయిదు నిమిషాల్లో గుండె మారలేదు, మనిషి పక్క మార్చాడంతే.

గుండె ఛాతీలో సిమెంటు పెట్టి బిగించిన వస్తువు కాదు. రెండు ఊపిరితిత్తుల మధ్య, పలచటి సంచిలో, పైన పెద్ద రక్తనాళాలు పట్టుకుని ఉంటే కింది కొస ఎడమవైపుకు వాలి ఉంటుంది. మీరు ఎడమకు ఒరిగితే ఆ కొస కూడా ఎడమకు జరిగి పక్కటెముకల గోడను తాకుతుంది. ప్రతి దెబ్బా ఆ గోడకు తగులుతుంది. దిండుకు ఒత్తుకున్న చెవిలోకి దగ్గరి రక్తనాళం చప్పుడు కూడా చేరుతుంది. పైగా రాత్రి పూట ఇంకే శబ్దమూ ఉండదు. పగలు మగ్గం టకటకల మధ్య వినపడని గుండె రాత్రి వినపడుతుంది. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకునే గుండె అది. మనకు పట్టనన్నాళ్ళూ మన దారి మనది. ఒక్కసారి చెవిన పడిందా, ఇక లెక్కపెట్టడం మొదలు. లెక్కపెడితే భయం, భయపడితే వేగం.

ఆయన ఇంకో మాట చెప్పాడు. "మధ్యల ఒకటి ఆగినట్టయి, దబ్బుమని గట్టిగ ఒకటి కొడతది." దీనికి కారణం వేరు. గుండెలో ఎక్కడో ఒక దెబ్బ వేళకు ముందే పడుతుంది. అది బలహీనమైన దెబ్బ, మనకు తెలియదు. దాని తర్వాత గుండె ఒక క్షణం ఎక్కువ ఆగుతుంది. ఆగినంతసేపూ రక్తం నిండుతూనే ఉంటుంది. బొక్కెన నిండా నీళ్ళుంటే చేదేటప్పుడు బరువు తెలిసినట్టు, నిండుగా ఉన్న ఆ తర్వాతి దెబ్బ గట్టిగా తెలుస్తుంది. జనం భయపడేది ఆ గట్టి దెబ్బకు, నిజానికి అదే మామూలు దెబ్బ. ఆరోగ్యంగా ఉన్న గుండెల్లోనూ ఇవి పడతాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు, గుండె నెమ్మదించినప్పుడు ఎక్కువగా తెలుస్తాయి. తిన్నది అరగక కడుపు ఉబ్బరించినప్పుడు పెరుగుతాయని చెప్పేవాళ్ళూ ఉన్నారు. రోజుకు ఎన్ని చాయలు తాగుతావని అడిగితే ఆయన వేళ్ళు మడిచాడు. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి సగం దాకా వచ్చింది. ఆఖరిది రాత్రి తొమ్మిదింటికి. రక్తం, థైరాయిడ్ చూపించాం, గుండె స్కానింగ్ చేయించాం. బాగున్నాయి. మందు రాయలేదు. చాయ మీద కోత పెట్టాను, రాత్రి భోజనం కాస్త ముందుకు జరపమన్నాను, కుడికి తిరిగి పడుకోమన్నాను.

ఇది విని ఎడమకు ఒరిగితే వచ్చే దడ అంతా ఉత్తదే అనుకుంటే పొరపాటు. కొల్లాపూర్ వైపు పల్లె నుంచి ఇరవై మూడేళ్ళ ఆడపిల్ల వచ్చింది. ఆమెకూ దడే. కానీ ఆమె చెప్పిన తీరు వేరు. పడుకుంటే ఊపిరి అందడం లేదు, రెండు దిండ్లు పెట్టుకోవాలి. బిందె ఎత్తుకుని పది అడుగులు వేస్తే ఆయాసం. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, ఒక కీలు తర్వాత ఇంకో కీలు వాచడం జరిగిందా అని తల్లిని అడిగితే, జరిగిందంది. ఆమెనూ ఎడమకు పడుకోబెట్టాను. స్టెతస్కోపుకు ఒక పక్క చిన్న గంటలాంటి గిన్నె ఉంటుంది, దాన్ని రొమ్ము కింద తేలిగ్గా ఆనిస్తే, అర్ధరాత్రి దూరాన రోడ్డు మీద లారీ పోతున్నట్టు సన్నటి గురగుర. వెల్లకిలా ఉన్నప్పుడు చాలాసార్లు ఆ శబ్దం దొరకదు. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం బిగుసుకుపోయినప్పుడు వచ్చే శబ్దమది. చిన్నప్పటి కీళ్ళవాత జ్వరం మిగిల్చి పోయిన జబ్బు. కీళ్ళను నాకి గుండెను కొరుకుతుందని వైద్య కళాశాలలో మాకు చెప్పేవారు. బిగిసిన కవాటాన్ని తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూను పంపించి తెరిచే పద్ధతి 1980లలో జపాన్‌ వైద్యుడు ఇనోవే తెచ్చాడు. ఛాతీ కోయనక్కరలేదు. ఆ పిల్లకు అదే చేశారు. ఇప్పుడు ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయించుకుంటోంది. ఆ సూది నొప్పికి జడిసి మానేసేవాళ్ళుంటారు, దయచేసి మానకండి.

ఇద్దరిదీ ఎడమ పక్కే. ఒకరికి చాయ తగ్గించాం, ఇంకొకరికి కవాటం తెరిపించాం. తోడుగా ఇంకేం ఉందన్నదే తేడా చెబుతుంది.

ఇక నిలబడితే వచ్చే దడ. వనపర్తి చుట్టుపక్కల వేరుశనగ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళను చూడండి. గంటల తరబడి గొంతుక్కూర్చుని, బాతుల్లా ముందుకు జరుగుతూ పోతారు. గట్టు మీద ఎవరో నీళ్ళ సీసా తెచ్చారని దిగ్గున లేస్తారు. కళ్ళు చీకట్లు, గుండె దడదడ, పక్కామె భుజం పట్టుకుని నిలబడతారు. ఏం జరిగింది? మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు పైచిలుకు దాకా రక్తం కడుపులోకి, కాళ్ళలోకి దిగిపోతుంది. సుమారుగా ఒక బీరు సీసా పట్టేంత. రేడియోలో ఇంతకంటే మర్యాదైన కొలత చెప్పలేకపోతున్నందుకు మన్నించాలి, మా వైపు వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గొంతుక్కూర్చున్నప్పుడు కాళ్ళలోని నాళాలు మడతపడి ఒత్తుకుని ఉంటాయి, రక్తం పైనే ఉంటుంది. ఒక్కసారిగా లేస్తే కట్ట తెగినట్టే. మెడలో రక్తపోటును కనిపెట్టి చూసే కావలివాళ్ళ లాంటి నాడులున్నాయి. అవి మెదడుకు కబురు పెడతాయి, మెదడు గుండెను ఉరకమంటుంది, నాళాలను బిగించమంటుంది. మామూలు మనిషికి నిమిషానికి పదీ ఇరవై దెబ్బలు పెరిగి సర్దుకుంటుంది. ఇదంతా రెండు మూడు ఊపిరులు తీసేలోపు అయిపోతుంది.

ఒంట్లో నీళ్ళు లేకపోతే, రక్తమే తక్కువైతే ఈ సర్దుబాటు చాలదు. మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. రక్తం పలచబడ్డప్పుడు అదే ప్రాణవాయువును మోయడానికి గుండె ఎక్కువ తిప్పలు పడాలి. కూర్చున్నా వేగమే, లేస్తే ఇంకా వేగం. దడ అని వచ్చిన ఆడమనిషికి ఈసీజీ కంటే ముందు కింది కనురెప్ప లాగి చూస్తాను. తెల్లగా ఉంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. నెలసరి ఎక్కువగా పోతుందా, ఐరన్ గోళీలు ఇంట్లో డబ్బాలోనే పడున్నాయా అని అడగాలి. పడే ఉంటాయి. మలం నల్లగా పోతుందని భయపడి ఆపేస్తారు. ఆ నలుపు ఐరన్‌దే, భయం లేదు.

ఎండాకాలం మట్టిపనులకు వలసపోయే పాలమూరు కూలీల సంగతి వేరే చెప్పాలా? తట్ట ఎత్తడం, వంగడం, లేవడం, మళ్ళీ వంగడం. చెమటతో నీళ్ళతో పాటు ఉప్పూ పోతుంది. ఉత్త నీళ్ళు తాగితే సరిపోదు, ఉప్పేసిన మజ్జిగ, అంబలి కావాలి. మా తాతల కాలం వాళ్ళకు ఇది డాక్టరు చెప్పకుండానే తెలుసు. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు మాత్రం ఉప్పు విషయంలో తమ డాక్టరును అడగాలి. ముసలివాళ్ళ గురించి కూడా ఒక మాట. బీపీ గోళీ, నీరు పోయే గోళీ, ప్రోస్టేటు గోళీ వేసుకునే పెద్దాయన రాత్రి మూత్రానికి దిగ్గున లేచి పడిపోతే తుంటి విరుగుతుంది. మంచం అంచున కాళ్ళు కిందికి వేసి, పిక్కలు కాస్త ఆడించి, నిమిషం ఆగి లేవాలి.

వనపర్తి చదువుల ఊరు. సంస్థానం నాటి రాజభవనంలోనే పాలిటెక్నిక్ నడుస్తుంది. హాస్టళ్ళ నుంచి ఆడపిల్లలు వస్తారు. ప్రార్థనలో నిలబడితే దడ, కళ్ళు తిరగడం, పడుకుంటే మాయం. చాలామందికి ఖాళీ కడుపే కారణం, పొద్దున ఇడ్లీ తింటే పోతుంది. కొందరికి పోదు. ఏదో జ్వరం వచ్చి తగ్గాక నెలల తరబడి ఇట్లాగే. వాళ్ళను అయిదు నిమిషాలు పడుకోబెట్టి నాడి చూసి, లేపి నిలబెట్టి పది నిమిషాల దాకా మళ్ళీ మళ్ళీ చూస్తాం. బీపీ పడిపోకుండా, పెద్దవాళ్ళలో నాడి ముప్పై దెబ్బలకు మించి పెరిగి అట్లాగే ఉండిపోతే, పందొమ్మిదేళ్ళ లోపు వాళ్ళలో నలభై పెరిగితే, దానికి పాట్స్ అని పేరు. 1990లలో పెట్టిన పేరు. అంతకుముందు ఇట్లాంటి పిల్లలను భయస్తులనో, బడి ఎగ్గొట్టే నాటకమనో అనేవారు. ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. పాట్స్ కోసం ఖరీదైన యంత్రమేదీ అక్కరలేదు, ఒక మంచం, ఒక గడియారం, డాక్టరుకు పావుగంట ఓపిక చాలు. ఆ పావుగంటే మాకు కరువు, ఒప్పుకుంటున్నాను.

వంగితే వచ్చే దడ మరొకటి. నాగర్‌కర్నూల్ మార్కెట్లో పల్లికాయ బస్తా ఎత్తబోయి వంగిన ఒక కుర్రాడికి స్విచ్చి వేసినట్టు దడ మొదలైంది. నాడి పట్టుకుంటే లెక్కకు అందదు, నిమిషానికి నూట ఎనభై. అరగంట తర్వాత స్విచ్చి ఆర్పినట్టు ఆగిపోయింది. మెల్లగా పెరిగి మెల్లగా తగ్గే భయపు దడ కాదిది. గుండెలో కరెంటు పోయే దారికి పక్కన ఇంకో అడ్డదారి ఉంటే, కరెంటు గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. వంగడమో, గబుక్కున తిరగడమో దానికి మొదటి తోపు ఇస్తుంది కొందరిలో.

దీన్ని ఆపడానికీ శరీరం భంగిమే పనికొస్తుందంటే నమ్ముతారా? ముక్కు మూసుకుని ముక్కమని వెనకటి నుంచీ చెప్పేవాళ్ళం. ఇంగ్లండులో పది ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో 428 మంది మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. సగం మందిని సగం వాలి కూర్చున్న స్థితిలో పదిహేను సెకన్లు గట్టిగా ఊదమన్నారు, అంతే. మిగతా సగాన్ని అట్లాగే ఊదించి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు రెండూ 45 డిగ్రీలకు పైకెత్తి పదిహేను సెకన్లు పట్టుకున్నారు. ఉత్తగా ఊదినవాళ్ళలో నూటికి 17 మందికి దడ ఆగింది. కాళ్ళెత్తినవాళ్ళలో నూటికి 43 మందికి. సూది లేదు, షాకు లేదు. కాళ్ళలోని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరితే, నెమ్మదించమనే నాడి మేలుకుంటుంది. అయితే ఇది మీ దడ ఫలానాది అని ఈసీజీలో తేలాక, డాక్టరు నేర్పాక చేసుకోవాల్సిన పని. రేడియోలో విన్నామని ఛాతీనొప్పి ఉన్న మామకు కాళ్ళెత్తకండి.

భంగిమకూ గుండెకూ ఉన్న సంబంధం మనకంటే ముందు పిల్లలకు తెలుసు. పుట్టుకతో గుండెలో రంధ్రం, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు ఉన్న కొందరు పిల్లలు ఆడుతూ ఆడుతూ పెదాలు నీలంగా మారి, ఎవరూ చెప్పకుండానే గొంతుక్కూర్చుంటారు. కాళ్ళు మడిస్తే ఊపిరితిత్తులకు పోయే రక్తం పెరుగుతుంది, నీలం తగ్గుతుంది. మళ్ళీ లేచి ఆడతారు. తల్లి అది అలసట అనుకుంటుంది. వెనక ఇట్లాంటి బిడ్డకు ఆపరేషన్ అంటే పొలం అమ్మకమే. 2007 ఏప్రిల్ 1న, పేదల చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించే ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో, అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. ఆ తర్వాత 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూల్‌కూ, 2024లో గద్వాలకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కర్నూలు, రాయచూరు దారి పట్టాల్సిన అవసరం కొంత తగ్గింది.

గర్భిణులకు మాత్రం నేను చెప్పేది తలకిందులు. నెలలు నిండేకొద్దీ వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెనకనున్న పెద్ద సిరను నొక్కుతుంది, గుండెకు తిరిగి రావాల్సిన రక్తం తగ్గుతుంది. దడ, చెమట, కళ్ళు తిరగడం. ఎడమకు ఒత్తిగిలితే క్షణాల్లో సర్దుకుంటుంది.

మన ప్రాంతపు మాట ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. చెట్టు కల్లు వేరు, మత్తుమందు కలిపిన దుకాణపు కల్లు వేరు. ఆల్ప్రజోలమ్ లాంటి మందు కలిపిన కల్లుకు అలవాటు పడిన మనిషి, రెండు రోజులు దుకాణం మూసేస్తే చేతులు వణికి, చెమటలు పట్టి, గుండె వేగంగా కొట్టుకుని, లేనివి ఉన్నట్టు చూస్తాడు. ఈ దడ పడుకున్నా తగ్గదు, నిలబడ్డా తగ్గదు. ఇంట్లో తాళం వేసి పెట్టే జబ్బు కాదది, మూర్ఛ కూడా రావచ్చు, ఆసుపత్రికి తేవాలి. అడిగితే సిగ్గుపడి చెప్పరు. సిగ్గేం లేదు, చెప్పండి.

దడ వచ్చినప్పుడు మీరు చేయగల పని ఒకటుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించండి. గడియారం చూస్తూ అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. అరవై నుంచి నూరు మామూలు. ఆ వరసను బల్ల మీద వేలితో కొట్టి చూడండి. వరసగా ఉందా, మధ్యలో తప్పిందా, లేక రేకు మీద వానచినుకుల్లా ఏ లెక్కా లేకుండా పడుతోందా? వానచినుకుల తీరు పెద్దవయసులో కనిపిస్తే ఆలస్యం చేయకండి, ఆ దడలో గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోయి పక్షవాతం తేగలదు. లెక్కను, భంగిమను ఒక కాగితం మీద రాసి తెస్తే, డాక్టరుకు మూడు నార్మల్ ఈసీజీల కంటే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే ఈసీజీ పది సెకన్ల ఫోటో, దడ అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. రోజంతా గుండెను రాసుకునే యంత్రాన్ని అమెరికాలో నార్మన్ హోల్టర్ 1940లలో మొదట తయారు చేసినప్పుడు అది 38 కిలోల బరువు, మనిషి వీపున మోయాల్సి వచ్చేది. ఇప్పుడది జేబులో పడుతుంది, పేరు మాత్రం ఆయనదే.

దడతో పాటు స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి అందకపోయినా 108కు ఫోను చేయండి. పరుగెత్తుతూ పడిపోయినవాడి గురించి, కూర్చుని గానీ పడుకుని గానీ ఉండగానే స్పృహ తప్పినవాడి గురించి ఇంకా ఎక్కువ భయపడాలి. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళుంటే ఆ సంగతి అడక్కపోయినా చెప్పండి.

చీరలు నేసే ఆ పెద్దాయన నెల తర్వాత వచ్చాడు. ఈసారి చేతిలో కవరు లేదు.

"దడ పోయిందా?" అన్నాను.

"యాడ పోతది సారూ. ఎడమకు ఒరిగితే ఇప్పటికీ ఇనొస్తది."

"మరి?"

"ఇంటా కొద్దిసేపు. ఇంక అటు తిరిగి పంటా."